మనదే అయినా మనసుల మాట చెప్పాలె: బలగం, దాసి, గొల్ల రామవ్వ మీద నా అభిప్రాయాలు

బిడ్డా, నువ్వు అడిగిన దాంట్ల రెండు ప్రశ్నలున్నయి. బలగం సినిమా మళ్లొకసారి చూసి, గొల్ల రామవ్వ కథ చదివి, దోస్తులకు అభిప్రాయం రాయబోతే "బాగుంది, ఏడ్పొచ్చింది" దగ్గర్నే కలం ఆగిపోతున్నదన్నవు. ఇది ఒకటి. మన తెలంగాణల పుట్టిన కథకు వంక పెడితే మనోళ్లను కించపరిచినట్టయితదేమోనని భయమైతున్నదన్నవు. ఇది రెండోది. నేను హన్మకొండల చాన ఏండ్లు పిల్లలకు తెలుగు చెప్పిన. ఇప్పటికీ పుస్తకాల కూడిక ఉన్నదంటే పోకుండ ఉండ. నువ్వడిగిన రెండు ముచ్చట్లు అక్కడ ఎప్పుడూ వస్తనే ఉంటయి. అందుకే జర పొడుగ్గనే చెప్త, ఓపికతోని చదువు.

ఏడ్పొచ్చిందని రాసినందుకు సిగ్గుపడకు. సినిమా చూసి ఏడ్చిన మనిషి దగ్గర చెప్పడానికి ఏదో ఉన్నట్టే లెక్క. ఆ ఏడ్పు ఎక్కడ మొదలైందో పట్టుకోవాలె. ఏ సీన్ల, ఎవరి మాటకు, ఏ పేజీల? ఆ చోటు దొరికితే తర్వాతి రాత దానంతటదే నడుస్తది. దొరకకపోతే ఎన్ని పెద్ద మాటలు పేర్చినా అవి ఏ సినిమాకైనా అతుకుతయి, ఏ పుస్తకానికైనా అతుకుతయి. "మనసును కదిలించింది", "కంటతడి పెట్టించింది", "తప్పక చూడాల్సిన చిత్రం" అని రాసినవనుకో, అది చదివినాయనకు నువ్వు ఏ సినిమా చూసినవో గూడ తెల్వది.

బలగమే తీసుకుందాం. వేణు ఎల్దండి తీసిన ఈ సినిమా 2023 మార్చిల వచ్చింది. తాత సచ్చిపోయిన ఇంట్ల, మనవడు సాయిలు చుట్టు, విడిపోయిన కుటుంబం చుట్టు నడిచే కథ. ఊర్లల్ల తెరలు కట్టి మరీ చూసిండ్రు జనం. అందరు ఏడ్చింది ఆఖరి పాటకాడ. ఆ పాట పాడిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు మీ నర్సంపేటకు దగ్గరి దుగ్గొండి మండలపోళ్లే. బుడగ జంగాల కళాకారులు. మొగిలయ్య 2024 డిసెంబర్ల కాలం చేసిండు. ఆ గొంతులల్ల సినిమా కోసం నేర్చుకున్నదేమీ లేదు, ఊరూరు తిరిగి పాడిన పాట అది. కనుక ఆ పాటకు ఏడ్చినమంటే వింతేం లేదు.

అయితే మా కూడికల ఒకామె ఇంకో మాట చెప్పింది. "నాకు పాటకు ఏడ్పు రాలే సార్. తాత సచ్చిపోయిన ఇంట్ల కూసోని సాయిలు తన ఎంగేజ్‌మెంట్ గురించి, అప్పుల గురించి లోపల్లోపల లెక్కలేస్తుంటడు చూడుండ్రి, అక్కడొచ్చింది. మా మామ పోయిననాడు నేను గూడ వంటింట్ల నిలబడి గసుంటి లెక్కలే వేసిన" అన్నది. నేను ఇన్నేండ్లల్ల విన్న అభిప్రాయాలల్ల ఇది మంచిదాంట్ల ఒకటి. ఆమె సినిమాను పొగడలేదు, తిట్టలేదు. సినిమా ఎక్కడ నిజం పలికిందో చూపిచ్చింది, అది నిజమని తనకెట్ల తెలుసో గూడ చెప్పింది. ఆ మాట విన్నంక నేను సినిమా మళ్ల చూసిన. మొదటి సగంల సావు చుట్టు నడిచే సంసారపు ఇబ్బంది, పైసల గులుగుడు, వచ్చినోళ్లకు మర్యాదలు, మొకాన దుఃఖం పెట్టుకొని లోపల ఇంకేదో ఆలోచించుడు, వీటన్నిటిని దర్శకుడు ఎంత ఓపికగ పేర్చిండో అప్పుడు గమనించిన. నా లెక్కల ఆ సినిమా బలమంతా అక్కడున్నది, ఆఖరి పాట ఆ బలం మీద నిలబడ్డది.

నల్లిబొక్క, అంటే మూలుగ ఉండే బొక్క, దాని సంగతి చూడు. అన్నం కాడ అల్లునికి నల్లిబొక్క పడలేదన్న దగ్గర లొల్లి మొదలై ఆడబిడ్డకు ఏండ్లకేండ్లు పుట్టిల్లు దూరమైతది. మన సంగతి తెల్వనోళ్లు ఇంత చిన్నదానికా అంటరు. యాట కూర వడ్డించేటప్పుడు నల్లిబొక్క ఎవరి పల్లెంల పడ్డదన్నది మన దిక్కు ఒక లెక్క, ఆ ఇంట్ల ఆ మనిషికి ఎంత విలువిస్తరో అక్కడ తెలుస్తది. నీకది తెలుసు. నీ ఇంట్ల చూసినవు. అట్లనే పిట్టకు పెట్టుడు, అంటే సచ్చిపోయినోళ్ల పేరు మీద కాకికి తిండి పెట్టుడు. మూడోనాడు పిట్ట ముట్టకపోతే ఇంటిల్లిపాది మొకాలు ఎట్లయితయో, "ఆయన మనసుల ఏముండెనో" అని ఒగలనొగలు ఎట్ల చూసుకుంటరో నువ్వు దగ్గర్నుంచి చూసినదానివి. ఈ తెలిసిన సంగతి రాయి. హైదరాబాదుల కూసోని రివ్యూ రాసేటాయనకు లేని సొమ్ము అది.

ఇగ నాకు నచ్చనిది. ఆడబిడ్డ లక్ష్మి. బావ పంతం, అన్నదమ్ముల పంతం సినిమాల నిండుగ కనబడుతది. ఇన్నేండ్లు పుట్టింటి కడప తొక్కకుండ బతికిన ఆమె ఏమనుకున్నదో, పండుగపూట ఎట్ల గడిపిందో సినిమా అంతగ పట్టించుకోలే. ఆమె దుఃఖం గూడ మగోళ్ల కొట్లాటల ఒక భాగం లెక్కనే వస్తది. ఇంకోటి, సాయిలు లక్ష్మి బిడ్డ సంధ్యకు దగ్గరయింది మొదట్ల ఆస్తి చూసుకొని. ఆ లెక్క ప్రేమలకు జారిపోయినప్పుడు ఆ పిల్లకు నిజం తెలిస్తే ఏమైతదన్న ప్రశ్నను సినిమా చేత పట్టుకొని కింద పెట్టేసింది. ఈ రెండు నాకు మింగుడు పడలే. ఇవి చెప్పినందుకు బలగం నా కండ్లల్ల తక్కువ కాలేదు, ఇప్పటికీ ఎవరన్నా అడిగితే చూడమనే చెప్త.

నీ రాతను గిట్ల మార్చొచ్చు. "బలగం చాల బాగుంది, ఆఖర్ల ఏడ్పొచ్చింది" అన్నవు గదా. దాన్ని గిట్ల రాసి చూడు: "ఆఖరి పాటల కొమురమ్మ గొంతు లేసినప్పుడు నాకు మా నాయినమ్మ పదకొండొద్దులు యాదికొచ్చినయి. ఆనాడు మా పెద్దనాయిన, మా నాయిన ఒక్క చాప మీద కూసున్నరు గని మాట్లాడుకోలే. సినిమాల అన్నదమ్ములు ఒకటయ్యిండ్రు. మా ఇంట్ల కాలే. అందుకే నాకు ఆ ముగింపు మీద ప్రేమ ఉన్నది, కోపం గూడ ఉన్నది." నీ ఇంటి సంగతి నాకు తెల్వది, ఇది నేను ఊహించి రాసింది. కని ఆ ప్రేమ, ఆ కోపం రెండూ ఒక్కకాడ ఉన్నయి చూడు, చదివేటోళ్లు ఆగేది అక్కడ. నీ ఇంటి ముచ్చట ఎంతవరకు బయట పెట్టాలన్నది నీ ఇష్టం. పేర్లు తీసేసి రాసినా మాట బలం తగ్గది.

ఇప్పుడు రెండో ప్రశ్న, నాకు మస్తు ముఖ్యమనిపించేది. మన మాటను సినిమాలల్ల దశాబ్దాల తరబడి నవ్వులాటకు, రౌడీకి పెట్టిండ్రు. హీరో మాట్లాడితే ఒక తీరు, ఇంట్ల పనిచేసేటోడు మాట్లాడితే మన తీరు. అసుంటప్పుడు మన యాసల హీరో మాట్లాడుతుంటే, మన సావు, మన లగ్గం, మన కల్లు తెర మీద మర్యాదగ కనబడుతుంటే గుండె నిండుతది. నాకూ నిండింది. ఆ సంబురం దాచుకోకు, దాని గురించి ఒక పేరా పూర్తిగ రాయి. కని ఆ సంబురం ఒకటి, సినిమా ఎట్ల తీసిండ్రన్నది ఇంకొకటి. రెండిటిని ఒక్క మాటల కలిపేస్తే రేపు మన యాసల చెత్త సినిమా వచ్చినా పొగడాల్సి వస్తది. మన యాసను అమ్ముకునేటోళ్లకు కావాల్సింది గూడ గదే.

దసరా సినిమా చూసినప్పుడు నాకు ఈ తేడా మంచిగ తెలిసొచ్చింది. అదీ 2023లనే వచ్చింది, శ్రీకాంత్ ఓదెల తీసిండు, కథ సింగరేణి దిక్కు నడుస్తది. దోస్తుల నడుమ ప్రేమ, సిల్క్ బార్ చుట్టు తిరిగే ఊరి రాజకీయం నాకు నచ్చినయి. మొకాల మీద బొగ్గు మసి నమ్మేటట్టు ఉన్నది. కని సినిమా అయిపోయినంక నాకొక వెలితి మిగిలింది. బొగ్గు ఉన్నది, బొగ్గు బాయిల దిగేటోని దినం లేదు. పొద్దటి షిఫ్టు, రాత్రి షిఫ్టు, కిందికి పోయిన మనిషి పైకొచ్చేదాంక ఇంట్ల ఉండే గుబులు, ఇవి లేవు. ఆఖరి భాగంల కత్తులు, నెత్తురు వచ్చి మనుషులను కప్పేసినయి. బొగ్గు గని కార్మికుల బతుకుల మీద రాసిన అల్లం రాజయ్య కథలు చదివినోళ్లకు ఈ వెలితి ఇంకా ఎక్కువ తెలుస్తది. నీకు గోదావరిఖనిలనో మంచిర్యాలలనో చుట్టాలుంటే వాళ్లనడుగు, వాళ్లు ఈ సినిమాను ఎట్ల చూసిండ్రో. వాళ్ల మాట నా మాటతోని కుదరకపోవచ్చు. వాళ్ల మాటకు నా మాటకన్నా బరువుంటది.

అవార్డుల ముచ్చట ఒక్క ముక్కల చెప్పి పోత. బలగంల ఊరు పల్లెటూరు పాట రాసినందుకు మన హన్మకొండ కాసర్ల శ్యాంకు జాతీయ అవార్డు వచ్చింది. గర్వమే. నీ అభిప్రాయంల మాత్రం అది వార్త కిందికే వస్తది. ఆ పాటల ఏ మాట నీకు మతిల ఉండిపోయింది, ఎందుకుండిపోయిందన్నది నీ సొంత రాత.

దాసి చూడాలని ఎప్పుడన్నా అనుకున్నవా? బి. నర్సింగరావు 1988ల తీసిన సినిమా. 1920ల నాటి గడీ, అంటే దొర ఉండే పెద్ద ఇల్లు. కమలాక్షి అనే దాసి, దొర వల్ల కడుపొస్తే తీయించుకోవాల్సి వచ్చిన ఆడమనిషి. అర్చనకు ఉత్తమ నటిగ జాతీయ అవార్డు వచ్చింది, మొత్తం ఐదు జాతీయ అవార్డులు ఈ సినిమాకు. కళా దర్శకత్వం మన కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిల పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం. ఆయన బొమ్మల్ల పెద్ద బొట్టు పెట్టుకున్న ఆడోళ్లను చూసినవు గదా, ఆ కండ్లతోని గడీ లోపలి గోడలను, సామాన్లను, చీరెల రంగులను చూడు.

ఈ సినిమా పేరు తీస్తే మీ వయసు పిల్లలు అనే మొదటి మాట "స్లో ఉన్నది" అని. ఆ మాట అనొద్దని నేనన. మెల్లగనే నడుస్తది. మెల్లగ నడిచే ఆ సేపు మనకు ఏం చూపిస్తున్నరన్నది రాయమంట. కమలాక్షి చాకిరి చేస్తనే ఉంటది. పిలుపొస్తది, పోతది. మళ్ల పిలుపొస్తది, మళ్ల పోతది. మాటలు తక్కువ, ఎందుకంటే ఆమెకు మాట్లాడే హక్కే లేదు. చూసేటోనికి విసుగొస్తది. ఆ విసుగుల కూసుంటెనే ఆమె దినం ఎంత పొడుగో మనకు ఒంటికి తాకుతది. దర్శకుడు కావాలనే మనలను ఆ పొడుగుల కూసోబెట్టిండని నా నమ్మకం. నువ్వు ఒప్పుకోకపోవచ్చు. ఇంత సేపు అవసరం లేదు, సగంల చెప్పొచ్చు అని నీకనిపిస్తే ఏ సీన్ కాడ అనిపించిందో చెప్పి వాదించు, నేను ఇష్టంగ వింట. కని ఫోన్ల స్పీడ్ పెంచుకొని చూసి స్లో అని మాత్రం రాయకు. ఎట్ల చూసినవో గూడ చెప్పు. థియేటర్ల నిండు జనంల చూసుడు వేరు, బస్సుల చెవుల ఇయర్‌ఫోన్ పెట్టుకొని చూసుడు వేరు. చదివేటోనికి ఆ సంగతి తెలిస్తే నీ మాటను ఎంతవరకు తీసుకోవాల్నో వాడే తేల్చుకుంటడు.

గొల్ల రామవ్వకు వస్త, ఎందుకంటే నువ్వు చూసిన, చదివిన రెండిట్ల నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. పి.వి. నరసింహారావు రాసిండని నీకు తెలుసు. 1949ల వరంగల్ నుంచి వచ్చే కాకతీయ పత్రికల అచ్చయింది. ఆ పత్రికను ఆయన, పాములపర్తి సదాశివరావు కలిసి నడిపిండ్రు. కథ కింద పెట్టుకున్న పేరు విజయ. అంటే మొదట చదివినోళ్లకు ఇది ఒక తెల్వని మనిషి రాసిన కథ. ముందుముందు ప్రధానమంత్రి అయ్యే మనిషి రాసిండన్న బరువు వాళ్ల మీద లేదు. మనం గూడ ఆ పేరు పక్కకు పెట్టి చదవాలె. "అంత పెద్ద మనిషి ఇంత మంచి కథ రాసిండా" అని రాస్తే అది పి.వి. మీద అభిప్రాయం అయితది, కథ మీద కాదు.

కథల ఉన్నదేంది? నిజాం పాలన ఆఖరి రోజులు. పోలీసులను చంపి తప్పించుకొచ్చిన ఒక పోరగాడు అర్ధరాత్రి ముసలి రామవ్వ గుడిసెలకు వస్తడు. మొదట బెదురుతది. తర్వాత వానికి తిండి పెడ్తది, గొల్ల పిల్లగాని బట్టలు కట్టిస్తది. పోలీసులు వచ్చి తలుపు కొడితే తన మనవరాలిని వాని పక్కల పండబెట్టి మొగుడు పెండ్లాలని చెప్పి కాపాడుతది. నేను ఈ కథను క్లాసుల చెప్పినప్పుడల్లా రామవ్వ మాటల దగ్గర ఆగేది. ఆ ముసలామె దేశం గురించి, స్వాతంత్ర్యం గురించి ఉపన్యాసం ఇయ్యది. పోరగానికి ఆకలైందని చూస్తది, వాడు దొరికితే సంపుతరని చూస్తది, ఏం చేయాల్నో చేస్తది. ధైర్యమన్న మాట పైకి అనకుంటనే ధైర్యాన్ని చూపిచ్చుడు అంటే ఇదే. 1949ల మన ఊరి మాటను ముసలామె నోట్ల అంత మర్యాదగ పెట్టుడు గూడ చిన్న సంగతి కాదు.

కని ఈ మధ్య మళ్ల చదివినప్పుడు నా మనసు మనవరాలి కాడ ఆగింది. ఎన్నడు చూడని మగోని పక్కల పండుమని నాయినమ్మ చెప్పింది. ఆ పిల్లకు ఆ క్షణంల ఏమనిపించింది? తెల్లారి ఊర్ల ఎవరన్నా ఏమన్నా అంటే? రామవ్వ చేసిన త్యాగం అని మనమందరం అంటం. అక్కడ పరువును, ప్రాణాన్ని పణంగ పెట్టింది ఆ పిల్ల. కథ పేరు గూడ ముసలామె మీదనే ఉన్నది. కథను తక్కువ చేయడానికి నేను ఈ మాట చెప్తలేను. మంచి కథ ఎన్నిసార్లు చదివినా ఇంకొక తలుపు తెరుస్తది గనుకనే ఆ పిల్ల నాకు ఇప్పుడు కనబడ్డది. నీ వయసు ఆడపిల్లకు మొదటిసారే కనబడి ఉండొచ్చు. కనబడితే అదే రాయి, పి.వి. కథకు ప్రశ్న వేస్తున్ననని జంకకు.

సగంల ఆపేసిన పుస్తకం గురించి మాట్లాడొచ్చా అని మా దగ్గర పిల్లలు తరచు అడుగుతరు. మాట్లాడొచ్చు, ఆపినమని చెప్పి. అంపశయ్య ఉన్నది. పాలకుర్తి దిక్కు వావిలాలల పుట్టిన నవీన్ 1969ల తెచ్చిన నవల. ఉస్మానియా హాస్టల్ల రవి అనే పిల్లగాని ఒక్క దినం, వాని మనసుల తిరిగే ఆలోచనలన్నీ. చదివేటోళ్లు శాన మంది నడిమిట్లనే వదిలేస్తరు. ఆ పిల్లగాడు చెప్పిందే చెప్తడు, అనుమానపడ్డదానికే మళ్ల అనుమానపడుతడు. నా అభిప్రాయం, చేతుల పైసల్లేకుండ హాస్టల్ల బతికిన పల్లెటూరి పిల్లగాని బుర్ర అట్లనే తిరుగుతది, ఆ విసుగే పుస్తకపు నిజం. నాకున్న ఇబ్బంది, ఆ నవలల ఆడపిల్లలు రవి కండ్లతోని తప్ప ఇంకోతీరుగ కనబడరు. నువ్వు ఎక్కడ ఆపినవో, ఆ పేజీల ఏమున్నదో రాస్తే అది గూడ పూర్తి అభిప్రాయమే. పూర్తిగ చదివినట్టు నటించుడు మాత్రం వద్దు, చదివినోళ్లు ఒక్క ప్రశ్నతోని పట్టుకుంటరు.

కొన్ని పని మాటలు. చూసిన రాత్రే, చదివిన పూటనే నాలుగు ముక్కలు నోట్ చేసుకో. వేరేటోళ్ల రివ్యూలు నీది రాసినంకనే చదువు, ముందు చదివితే వాళ్ల మాటలు నీ నోట్లకు వచ్చి కూసుంటయి. కథ మొత్తం చెప్పేయకు, ముఖ్యంగ కొత్త సినిమా అయితే. పాత కథల గురించి మాట్లాడేటప్పుడు ముగింపు ఎత్తక తప్పదు, అప్పుడు ముందుగాల్నే ఆ సంగతి చెప్పు. నువ్వు మాట్లాడే యాసల్నే రాయి, అక్షరం అక్షరం పుస్తక భాషలకు మార్చుకుంట కూసుంటే చెప్పాలనుకున్నది చల్లారిపోతది. స్టార్లు ఇచ్చుడు నాకు ఇష్టముండది. బలగానికి ఎన్ని, దాసికి ఎన్ని అని ఎట్ల ఇస్తవు?

ఎవరన్నా "నీకు అర్థం కాలే" అంటే తగువు పెట్టుకోకు. ఏ సీన్ చూసి ఆ మాటంటున్నరో అడుగు. వాళ్లు చూపిస్తే మళ్ల చూడు. చూపించకపోతే అక్కడితోని విడిచిపెట్టు.

పాత పుస్తకాలు దొరుకుతలేవంటే హన్మకొండల రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయానికి పో. 1904ల పెట్టిన గ్రంథాలయం అది. అసుంటి చోట పాత పుస్తకాలల్ల ఎవరో పెన్సిల్‌తోని గీసిన గీతలు, అంచుల మీద "అబద్ధం" అనో "నిజమే" అనో రాసిన ముక్కలు కనబడుతుంటయి. పుస్తకం మీద రాయొద్దని నేను పిల్లలకు గట్టిగనే చెప్త, అయినా ఆ ముక్కలను చదవకుండ పేజీ తిప్పలేను. ఎక్కడ ఆగిండో, ఏమనిపించిందో, ఆ చదివినాయన రెండూ చెప్పి పోయిండు.

ముందుగాల గొల్ల రామవ్వ మీద రాయి. చిన్న కథ, ఒక్క కూసున్నకాడ మళ్ల చదవొచ్చు. మనవరాలి గురించి నేనన్న మాట నీకు కుదరకపోతే దాన్నే పట్టుకొని నాతోని కొట్లాడు. కథల ఏ వాక్యం చూసి కాదంటున్నవో మాత్రం చూపియ్యి. ఒక పేజీ అయినా చాలు. వచ్చే కూడికకు తెస్తే అందరి ముందట నువ్వే చదువుదువు, ఆమెను గూడ రమ్మంట, వంటింట్ల లెక్కలేసుకున్ననని చెప్పినామెను.